ఆదివారం ఎదకొచ్చే ఆవు

తేది: 15-04-2025

పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకులు గారి సముఖమునకు, కొత్తరావిగుంట కాపురస్తురాలు షేక్ జుబేదా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా ఆవు ఆదివారమే ఎదకు వచ్చుట, ఆదివారమే తమ ఆసుపత్రికి తాళం పడుట గురించి.

1. నాకు ముత్యం అను సంకరజాతి పాడి ఆవు కలదు. మొదటి ఈతలో పూటకు తొమ్మిది లీటర్లు ఇచ్చినది. ఇప్పుడు రెండుకు దిగినది. మళ్లీ చూడి నిలిచి ఈనితేనే పాలు, లేకుంటే వట్టిపోవును.

2. ఎద ఇరవైయొక్క రోజులకొకసారి వచ్చునని రైతు సదస్సులో తమరే మైకులో సెలవిచ్చినారు. అంటే సరిగ్గా మూడు వారాలు. ఒకసారి ఆదివారం వచ్చిన ఆవు ఎప్పటికీ ఆదివారమే వచ్చును. జనవరి 26, ఫిబ్రవరి 16, మార్చి 9, మార్చి 30. నా ఆవు ఒక్క రోజు తప్పలేదు. తమ సిబ్బందిలో ఇంత టైము పాటించే మనిషిని ఒక్కరిని చూపించండి.

3. సోమవారం తోలుకొని పోతే కాంపౌండరు అంకమ్మరావు గారు తోక ఎత్తి చూసి, "ఎద దిగిపోయిందమ్మా, ఈసారి టైముకు తోలుకురా" అంటారు. ఏం టైమండీ? మార్చి 30 ఉగాది. మర్నాడు రంజాన్. మా పండగకే సెలవిచ్చారు, ఇక నేనెవర్ని తిట్టుకోను?

4. ఎద సూది వేయడం మా ఊరి వీరబాబుకు వచ్చును. కానీ వీర్యం ఉండే నైట్రోజన్ డబ్బా ఆసుపత్రి గదిలో, గది తాళంచెవి అంకమ్మరావు గారి జేబులో, అంకమ్మరావు గారు వాడరేవులో. ఫోన్ చేస్తే అలల చప్పుడు వినిపించినది. ఎదను వారం మధ్యకు జరిపే మందు ఉందట, అది స్టాకు లేదన్నారు.

5. పోయిన నెల అర్జీకి "పశువును పనివేళల్లో హాజరుపరచవలెను" అని జవాబు వచ్చినది. ఆ కాగితం ముత్యానికి చదివి వినిపించినాను. ఛీ, నా బతుకు! ఊరంతా మిరపకోతలకు పోతే కూలి మానుకొని దాని పక్కనే కూర్చుంటాను. అది పొద్దస్తమానం అరుస్తుంటే నాకు ఏడుపొస్తుందండీ. దానికి ఏ రోగమూ లేదు, గొడ్డుమోతుదీ కాదు.

6. మా ఆయన గౌస్ బాషా, "ఇంకెన్నాళ్లు మేపుతామే? ఈసారీ సూది పడకపోతే కబేళా బేరగాడికి తోలేద్దాం" అన్నారు.

కావున ఏప్రిల్ 20 ఆదివారం ఒక్క పూట ఆ తాళం తీయించవలెను. వీలుకాకుంటే ఆదివారాన్నే బుధవారానికి మార్చుచూ ఉత్తర్వులు ఇప్పించవలెను. ఏది సులువో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
షేక్ జుబేదా

తా.క.: బేరగాడికీ ఆ రోజు సాయంత్రమే రమ్మని ఫోన్ చేశారు మా ఆయన. ఆదివారం కదా, వస్తావా అని నేనే అడిగాను. "మాకు సెలవులేంటమ్మా, పిలిచిన రోజే వస్తాం" అన్నాడు. పిలిస్తే వచ్చేవాడు మా ఊరికి ఆయనొక్కడే మిగిలాడండీ.