తరవాణి కుండ

నాన్నకు,

ప్రభువు పేరట వందనాలు. ఫోన్లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. ఈ ఉత్తరం పాస్టరు గారి చేత కాకుండా పక్కింటి సుప్రియ చేత చదివించుకో.

నాకు బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. ఆ కంపెనీలో క్రాఫ్ట్ బీరు, అంటే కొద్దికొద్దిగా ప్రత్యేకంగా కాచే బీరు తయారుచేస్తారు. నేను తాగను నాన్నా, అది సరిగ్గా పులుస్తోందో లేదో చూడడమే నా పని. తాగుడు మానేసి బాప్తిస్మం తీసుకున్న నీకు ఈ మాట ఎలా ఉంటుందో తెలుసు.

ఇంటర్వ్యూలో, ఈ బీరు మీద ఆసక్తి ఎలా మొదలైందని అందరినీ అడిగారు. మిగతావాళ్లు తాము తిరిగొచ్చిన దేశాల గురించి చెప్పారు. నేను మన హంసలదీవి ఇంట్లో నాయనమ్మ గంజి పులియబెట్టే తరవాణి కుండ గురించి చెప్పాను. రోజూ గంజి పోసేది, ఎన్నడూ పూర్తిగా వంచేది కాదు. చెవి ఆనిస్తే లోపల సన్నగా బుడగలు చిట్లే చప్పుడు. "కదపమాకే పిల్లా, దాని పని దాన్ని చేసుకోనీ" అనేది.

నాయనమ్మ పోయాక అమ్మ ఆ కుండ కడగబోతే నువ్వే అడ్డుపడ్డావు. "ఉండవే, మా అమ్మ చెయ్యి ఇంకా అందులోనే ఉంది" అన్నావు. అదీ చెప్పాను. ఆ కుండ ఇంకా ఉందా అని అడిగారు; ఇప్పటికీ నువ్వే రోజూ గంజి పోస్తున్నావని చెప్పాను.

నువ్వు వద్దంటే చేరను. కానీ ఆ మాట చెప్పేముందు ఒక్కసారి కుండకి చెవి ఆనించి విను, నాన్నా.

నీ కూతురు