ఎర్రబాట కేసెట్టు చివర

టోవా పాయో, సింగపూర్
20 జూన్ 1999

ప్రియమైన యాసిర్‌కి,

వచ్చి నాలుగు నెలలైనా ఉత్తరం రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు. ఈమెయిల్ పెట్టుకోరా అంటే బ్రౌజింగ్ సెంటర్లో పక్కవాడు తొంగి చూస్తాడంటావు. అందుకే కాగితం పట్టుకున్నాను.

పని బాగానే ఉంది. ఒక బ్యాంకు పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోట్లు వెతికి నాలుగంకెలు చేస్తున్నాం. కొత్త సంవత్సరం వచ్చాక ఈ పని ఉండదు. ఫ్లాటులో నాతో ఉండేవాళ్లు అన్నం తింటూ కూడా అమెరికా వీసా గురించే మాట్లాడతారు. నాకు వాళ్ల వెంట పోవాలనీ లేదు, ఇక్కడ ఉండాలనీ లేదు. ఆదివారం రైలెక్కి లైను చివరి దాకా పోతాను. దిగను. అదే రైల్లో వెనక్కి వస్తాను.

ఎర్రబాట కేసెట్టు నీ దగ్గర వదిలి రావడం పొరపాటయింది. మనకు టేపు చేసిచ్చిన రైలు డ్రైవర్ ఇంట్లో చూసిన ఆ రికార్డు అట్ట మీది మట్టిరోడ్డు మన గుత్తి రోడ్డులా ఉందని దానికి ఆ పేరు పెట్టింది నువ్వే. ఇక్కడి దుకాణాల్లో అడిగాను. అమెరికా దక్షిణాది బృందం, మూడు గిటార్లు, డెబ్బైల నాటిది అన్నా కౌంటర్లో ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. తెలిసిన ఒకాయన మాత్రం, అది సీడీగా రాలేదు, ఎవరింట్లోనైనా రికార్డు ఉంటే ఉండాలి అన్నాడు.

రెండో వైపు చివరి పాట నా తలలో తిరుగుతూనే ఉంది. ముగ్గురు గిటార్ల వాళ్లు ఒకడి మాట ఒకడు లాక్కుని తగువాడుకుంటూ పోతారు కదా. ఉన్నట్టుండి అందరూ ఆగిపోతారు. ఒక్క గిటార్ మిగులుతుంది. తీగల మీద గాజు గొట్టం జారుతుంటే దూరంగా రైలు కూస్తుంది. ఆ ఒక్కడు కూడా వాయిస్తూ వాయిస్తూ సగంలో ఆపేస్తాడు. ఇల్లు వదిలినవాడి మాట అట్లా సగంలోనే ఆగుతుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఎక్కడో అమెరికా వాడికి మన సంగతి ఎట్లా తెలిసిందో. నీకెందుకో ఆ చోటంటే లెక్కలేదు. అది వచ్చేసరికి ఎప్పుడూ టీ తేవడానికి లేచిపోయేవాడివి.

ఒక కాపీ తీసి పంపు. గిటార్ వాయిస్తున్నావా? అబ్బాకు సలాం చెప్పు.

నీ
శ్యాంసుందర్


గుంతకల్లు
18 జూలై 1999

ఒరేయ్ శ్యామూ,

నీ జాబు చేరింది. అంత దూరం పోయి రైల్లో తిరిగి రైల్లోనే రావడమేమి? ఆ పని ఇక్కడ గుత్తి ప్యాసింజర్లో చేయవచ్చు కదా.

కేసెట్లు కొనేవాళ్లు లేరు. పాటల పట్టీ రాసుకొచ్చి రికార్డింగ్‌కి ఇచ్చేవాళ్లు అసలే లేరు. ఊళ్లో అందరికీ జావా కోర్సుల పిచ్చి పట్టింది. హుమా తమ్ముడు, నా బామ్మర్ది రెహాన్ నీకు తెలుసు కదా, వాడు నా దుకాణంలో కంప్యూటర్ కోర్సులు పెడతానంటున్నాడు. "బావా, నువ్వేమీ నేర్చుకోవద్దులే. వచ్చినోళ్లకు రసీదు రాసిస్తే చాలు" అన్నాడు. హుమాకు కూడా అదే మంచిదనిపిస్తోంది. ఆమె తప్పేమీ లేదు.

నా గిటార్ ఇస్తావా అని సాంబమూర్తి సార్ అడిగాడు. వాళ్లమ్మాయి బెంగుళూరు కాలేజీలో చేరింది, నేర్చుకుంటుందట. దీపావళి అయినాక తీసుకుపోతానన్నాడు. సరేనన్నాను. నువ్వు కోప్పడతావు. కోప్పడేముందు ఆలోచించు. నేను నకళ్లు తీసే మనిషిని. దుకాణంలో చేసిందీ అదే, గిటార్ మీద చేసిందీ అదే. ఎవరో వాయించినదాన్ని నేను మళ్లీ వాయిస్తాను. ఇప్పుడు నకళ్లు ఎవరికీ అక్కర్లేదు. ముప్పై నాలుగేళ్లు వచ్చాయి. ఇక చాలు.

అబ్బా బాగానే ఉన్నాడు. అమ్మీ పోయి రెండేళ్లవుతున్నా మాట పెగలదు. పొద్దున వచ్చి దుకాణంలో స్టూలు మీద కూర్చుంటాడు. నేను టేపు పెడితే లేచి పోతాడు. లోకో షెడ్డులో చేసినన్నాళ్లూ చెవుల్లో చప్పుడే పడింది, ఇంక నా చప్పుడు ఎందుకనేమో.

కాపీ తీయడం కుదరలేదు. ఆ టేపు పాతబడింది.

ఇట్లు
యాసిర్


టోవా పాయో
29 ఆగస్టు 1999

ప్రియమైన యాసిర్‌కి,

రికార్డు దొరికింది.

మా ఆఫీసులో హీనా అని హైదరాబాదు అమ్మాయి ఉంది. భోజనం దగ్గర నేను బల్ల మీద వేళ్లతో కొడుతుంటే, "ఏందండీ అది, చేతులు ఆగవా మీకు?" అంది. చెప్పాను. బిషాన్‌లో వాళ్ల పై అంతస్తులో లిమ్ అంకుల్ అని ఒకాయన ఉన్నాడు. రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఒకప్పుడు ఓడ దిగిన అమెరికా నావికుడి దగ్గర ఆ రికార్డు తీసుకున్నాడట. శనివారం మధ్యాహ్నం నలుగురైదుగురు చేరి దాన్ని మొదటి నుంచి చివరి దాకా వింటారు. రికార్డు తిరుగుతున్నంత సేపు మాట్లాడకూడదు. ముందొచ్చినవాడు సోఫా మీద టిష్యూ ప్యాకెట్టు పెడితే ఆ చోటు వాడిది. దాన్ని ఇక్కడ చోప్ అంటారు. నేను పోయేసరికి నాకు నేల మిగిలింది.

మొదటి పాటకే తేడా తెలిసింది. అదే పాట, కానీ నింపాదిగా, బరువుగా ఉంది. మన కేసెట్టులో ఇంత నెమ్మదిగా లేదంటే లిమ్ అంకుల్, "మీ ఊళ్లో అందరికీ తొందరా?" అన్నాడు. ఆలోచిస్తే తెలిసింది. రైల్వే క్వార్టర్స్‌లో ఆ ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ తన మెషీన్ మీద సరిగ్గానే రికార్డు చేసిచ్చాడు. మన టేపు డెక్కే వేగంగా తిప్పేది. మనం ఇన్నేళ్లూ అదే అసలు వేగమనుకున్నాం.

అది పోనీ. చివరి పాట వచ్చింది. కళ్లు మూసుకుని కాచుకున్నాను. అందరూ ఆగే చోటు రాలేదు. ముగ్గురూ వాయించుకుంటూనే సన్నగిల్లి పోయారు. ముల్లు లేచింది. ఒంటరి గిటార్ లేదు, రైలు లేదు.

"మిగతాది ఏది అంకుల్?" అన్నాను.

"ఫినిష్ ఆల్రెడీ లా." ఇక్కడివాళ్లు మాట చివర లా తగిలిస్తారు.

"కాదు, ఇంకా ఉంది. ఒక గిటార్ ఉంటుంది."

"పాతికేళ్లుగా వింటున్నాను. ఎక్కడ దాచాను, నా జేబులోనా?"

మీది కోసేసిన రికార్డు అన్నాను. అనకూడదు. గదిలో ఎవరూ నవ్వలేదు. చివరికి ఆయనే, "నీ టేపు తే. అందులో ఉంటే ఈ రికార్డు నీది. లేకపోతే నువ్వు వచ్చినన్నాళ్లూ నేల మీదే" అన్నాడు.

కేసెట్టు రిజిస్టర్డ్ పోస్టులో వెంటనే పంపు. నకలు తీసే మనిషినన్నావు కదా, అసలు రికార్డే గెలిచి నీకు పంపిస్తాను. అందాకా గిటార్ ఎవరికీ ఇవ్వకు. అంత వాయించగలవాడివి రసీదులు రాస్తానంటే నాకు ఇక్కడ కాలు నిలవడం లేదు.

నీ
శ్యాంసుందర్


గుంతకల్లు
10 అక్టోబర్ 1999

శ్యామూ,

జాబు వచ్చి చాలా రోజులైంది. రాయలేకపోయాను.

పందెం వద్దురా. పెద్దాయన, ఇంటికి పిలిచి పాట వినిపించాడు. నేల మీద కూర్చుంటే ఏం పోయింది? మనం చిన్నప్పుడు కుర్చీల్లో కూర్చుని విన్నామా?

అయినా నువ్వు ఊరుకోవని తెలుసు. టేపు పంపుతున్నాను. ఒక్క మాట మాత్రం విను. వాళ్ల ముందు పెట్టొద్దు. ముందు నువ్వొక్కడివే విను. తర్వాత నీ ఇష్టం.

రెహాన్ బోర్డు దించేశాడు. డెక్కు పాత ఇనుము వాడికి వేస్తానంటే, ఉండనీలే అని అటక మీద పెట్టాను. సాంబమూర్తి సార్ వచ్చి గిటార్ చూసిపోయాడు. తీగల మీద జార్చడానికి నేను వేలికి తొడుక్కునే దగ్గుమందు సీసా మెడ తీసి, "ఇదెందుకప్పా, తీగలకు మందా?" అని అడిగాడు. అది కూడా ఇచ్చేస్తానన్నాను.

ఇట్లు
యాసిర్


టోవా పాయో
28 నవంబర్ 1999

యాసిర్,

దీపావళి వెళ్లిపోయింది. గిటార్ ఇచ్చేశావో లేదో తెలియదు. తెలియకుండానే రాస్తున్నాను.

నువ్వు చెప్పిన మాట వినలేదు. కేసెట్టు అందిన శనివారమే బిషాన్ తీసుకుపోయాను. లిమ్ అంకుల్ దగ్గర మంచి డెక్కు ఉంది, నా ఎత్తు స్పీకర్లు ఉన్నాయి. చివరి పాట పెట్టాడు. ముగ్గురు గిటార్ల వాళ్లూ రికార్డులో ఉన్నట్టే వాయించారు. తర్వాత టక్కున చిన్న చప్పుడు. ఆ ఒక్క గిటార్ మొదలైంది. "చూశారా" అన్నాను. మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయాను.

ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. "ఇక్కడి దాకా ఒక మెషీన్. ఇక్కడి నుంచి ఇంకో మెషీన్. శృతి జారిపోయింది, విను" అన్నాడు. విన్నాను. నిజమే. వేగంగా తిరిగే డెక్కు మీద రికార్డు చేసింది సరైన డెక్కు మీద పెడితే కిందికి జారుతుంది. అట్లాంటి డెక్కు నాకు ఒకటే తెలుసు.

ఆయన శబ్దం పెంచాడు. రైలు కూసింది. ఇన్నేళ్లూ అది అమెరికా రైలనుకున్నాను. మన మీటర్ గేజి ఇంజను. అది కూసిన వెంటనే, చాలా సన్నగా, ఎవరో ఆడమనిషి పిలిచింది. గిటార్ ఆగింది. అక్కడితో టేపు అయిపోయింది.

ఆ బృందంలో పాడే ఆడవాళ్లు లేరే అని ఒకాయన అన్నాడు. హీనా లేచి స్పీకరు దగ్గరకు పోయి చెవి పెట్టింది. ఇంకోసారి పెట్టమంది. విని నవ్వింది.

"అంకుల్, ఇది పాట కాదు. మా అమ్మీ కూడా ఇట్లనే పిలుస్తది. 'యాసిర్, పానీ ఆయా రే, బిందె లేకే ఆ' అంటున్నది. కొళాయిలో నీళ్లొచ్చినయట, బిందె తెమ్మని."

వాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. మీ వీధిలో నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి, అమ్మీ ఒక్కసారే పిలిచేది, రెండోసారి పిలిపించుకుంటే నీకు అన్నం ఉండేది కాదు. ఇల్లు వదిలినవాడి మాట అని నేనేదో అనుకున్నాను. నువ్వు నీళ్లకు పోయావు.

లిమ్ అంకుల్ టేపు బయటికి తీశాడు. "పందెం నువ్వే ఓడావు" అన్నాడు. తర్వాత, "ఎవడు వీడు?" అని అడిగాడు. నా స్నేహితుడన్నాను. "రికార్డు తీసుకో, ఈ టేపు నాకివ్వు" అన్నాడు. ఇవ్వలేదు. పోయిన శనివారం నా చోటులో టిష్యూ ప్యాకెట్టు పెట్టి ఉంచాడు. అయినా నేలమీదే కూర్చున్నాను. పందెం పందెమే.

ఎందుకు చెప్పలేదని అడగను. నా లెక్క ఒకటే. ఆ కేసెట్టులో నేను మోసుకు తిరిగింది ఆ చివరి ముక్క. అది నకలు కాదు. ఇక నీ ఇష్టం.

టేపు వెనక్కి పంపుతున్నాను. ఇక్కడ అమ్మీ గొంతు కొంచెం మందంగా, ఎవరిదోలా వినపడింది. ఆ పాత డెక్కు మీద అయితేనే ఆమెలా ఉంటుంది. అటక మీది నుంచి దించు. రైలు కూసిన వెంటనే విను. నువ్వెప్పుడూ అక్కడిదాకా ఉండలేదు.

నీ
శ్యాంసుందర్


గుంతకల్లు
16 జనవరి 2000

ప్రియమైన శ్యామూ,

కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్నారు. ఇక్కడ రెహాన్ వాటిలో ఒకటి మాత్రం ఆగింది, అదీ ఎలుక తీగ కొరికినందుకు. నీ పని అయిపోయినట్టేనా? ఎక్కడికి పోతావో రాయి.

గిటార్ నీ జాబు రాకముందే ఇచ్చేశాను.

ఆ టేపు చివరి ముక్కను డెక్కు నమిలేసింది. అప్పుడు నువ్వు కర్నూలులో పరీక్ష రాస్తున్నావు, రెండో వైపు ఇంకా వినలేదు. డ్రైవర్ మనకు టేపు ఇచ్చి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు, మళ్లీ రికార్డు చేయించుకునే దారి లేదు. ముక్క కోసి అతికి, ఖాళీగా మిగిలిన చోట నాకు గుర్తున్నంత వాయిద్దామని కూర్చున్నాను. ఏమీ గుర్తు రాలేదు. చేతికి వచ్చింది వాయించాను. నువ్వొచ్చి విని, అన్నిట్లోకి ఇదే గొప్పగా ఉందన్నావు. ఇంకేం చెప్పను? లేచి టీకి పోయాను.

టేపు రంజాన్ రోజాల్లో, ఉపవాసాల రోజుల్లో వచ్చింది. పండుగ అయ్యేదాకా విప్పలేదు. మొన్న రెహాన్ క్లాసు లేని పూట డెక్కు దించి పెట్టాను. అబ్బా స్టూలు మీద ఉన్నాడు. లేచి పోతాడనుకున్నాను, గుమ్మం దాకా పోయాడు కూడా. రైలు కూసింది. అమ్మీ పిలిచింది. సన్నగా, విసుగ్గా, ఆమె ఎట్లా పిలిచేదో అట్లాగే. అబ్బా గుమ్మంలో నుంచే వెనక్కి తిరిగి బిందె కోసం మూలలో వెతికాడు. ఇంటి ముందు గదినే దుకాణం చేశాను కదా, అప్పట్లో బిందె ఉండిన ఆ మూలలో ఇప్పుడు కంప్యూటర్ ఉంది. దాని వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వచ్చి కూర్చుని, "మళ్లా పెట్టు" అన్నాడు. పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో తెలియదు.

సాయంత్రం చెప్పకుండా ఎటో పోయాడు. చీకటి పడే వేళకు గిటార్ భుజాన వేసుకుని వచ్చాడు. సాంబమూర్తి సార్ ఇంటికి పోయి అడిగి తెచ్చాడట. ఆ అమ్మాయి రెండు రోజులకే విసుగెత్తి వదిలేసిందని తర్వాత తెలిసింది. సీసా మెడ మాత్రం వాళ్లు పారేశారట.

గిటార్ నా ముందు పెట్టి అబ్బా అడిగాడు. "ఆ పొద్దు నీళ్లకు పోతివి గదా. బిందె దించినాక మళ్లా వచ్చి వాయించలేదేమి?"

నిన్న దగ్గుమందు సీసా ఇంకొకటి కోసుకున్నాను, అంచు సరిగ్గా రాలేదు, వేలు తెగింది. తీగలు మాత్రం బాగున్నాయి. అమ్మీ పిలిచిన చోటు నుంచి మొదలుపెట్టాను.

అబ్బా లేచి పోలేదు.

నీ
యాసిర్