ఎక్కువైన ఒక్క తీగ

చిరంజీవి పిడుగుకి అమ్మ దీవెనలు. నేనూ, నాన్నా, చెల్లీ కులాసా. నీ దగ్గు తగ్గిందని వార్డెన్ చెప్పాక నా మనసు కాస్త కుదుటపడింది.

"నీ యంత్రం నడిచిందా? ఆదివారం వస్తానని ఎందుకు రాలేదు?" అని అడిగావు. రెండే ప్రశ్నలు, రెండూ గుచ్చుకునేవే. అచ్చం మీ నాన్న పోలిక!

ఆ యంత్రమంటే, మా హాల్లో సందేశాలు అందించే వంద స్విచ్ పెట్టెలు, వాటి మధ్య ఎనిమిది వందల తీగలు. సందేశం ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు పోవాలంటే ఎదుటిదాంట్లో చోటుండాలి. దారులు గుండ్రంగా చుట్టుకున్నాయా, ఇక అంతే సంగతులు. నువ్వు జరుగంటే నువ్వు జరుగని అన్నీ నిలబడిపోతాయి. తీగ చెడదు, ఎర్ర దీపమూ వెలగదు. గురువారం, చూడవచ్చిన పెద్దల ముందే అలా బిగుసుకుపోయింది.

మేనేజర్ ఒంటికాలి మీద లేచాడు. "ఈ తీగలు కట్టిందెవరు?"

తీగలు కట్టే పెద్దాయన చెయ్యెత్తారు. నాకు పని నేర్పింది ఆయనే.

"మీకు చూపు ఆనడం లేదని చెబుతూనే ఉన్నా. సోమవారంలోగా తప్పెక్కడో తేల్చండి. లేదంటే మానేయండి."

ఆదివారం కూడా మానకుండా, మూడు రోజులు భూతద్దంతో నేల మీద పాకుతూ ప్రతి తీగా చూశారు. ఏమీ దొరకలేదు. ఎలా దొరుకుతుంది కన్నా? ఆ తీగ నా సంచిలో ఉంది.

యంత్రం పరీక్ష త్వరగా ముగిస్తే నీ దగ్గరికి రావచ్చని, బుధవారం ఎవరికీ చెప్పకుండా అడ్డదారిగా ఒక తీగ కలిపాను. ఏ సందేశం ఎటు పోవాలో చెప్పే దారుల పట్టికలోనూ ఎక్కించాను. అదే చుట్టు వేసింది. అందరూ అరుచుకుంటుంటే గుట్టుగా పీకేసి, పట్టికలో చెరిపేశాను. నేనేనని ఒప్పుకోలేదురా. ఆదివారం నీ ముఖం చూసే ధైర్యం కూడా లేకపోయింది.

ఈ ఉదయం ఆ తీగ తీసుకెళ్లి మేనేజర్ బల్ల మీద పెట్టి, జరిగింది చెప్పాను. ఆయన ఒక కాగితం నా వైపు తోశాడు. పెద్దాయన అప్పుడే ఇచ్చి వెళ్లిన రాజీనామా. "తప్పు నాదే. నా కళ్లకు దొరకలేదు. ఇన్నాళ్లూ ఇంకెన్ని తప్పులు కట్టానో" అని ఉంది.

తీగ పట్టుకుని పరుగెత్తాను. గేటు దగ్గర అందుకుని, "నేనే గురువుగారూ, నేనే" అని చెప్పాను.

తీగను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "అయితే నేను కట్టినవన్నీ సరిగానే ఉన్నాయా?"

"ఎనిమిది వందలూ సరిగానే ఉన్నాయి."

అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చారు. నాతో ఇంకొక్క మాట మాట్లాడలేదు.

నా ఉద్యోగం సంగతి రేపు తేలుస్తారట. నన్ను నాలుగు తిట్టాలనిపిస్తే దాచకుండా రాయి.

ఇట్లు,
మాట తప్పిన మీ అమ్మ