కృతజ్ఞత కూడికలో నా పాట

నల్లగొండ

శ్రీదేవత్తా,

ఫోన్‌లో చెబితే బాపు వింటాడని రాస్తున్నాను. నేను డిగ్రీ పాసైనానని వచ్చే ఆదివారం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాడు. పాస్టరుగారిని కూడా పిలిచాడు.

నేను చివరి పరీక్షే రాయలేదత్తా. ఆ రోజు హైదరాబాదులో పాట రికార్డింగుకు పోయాను. "పాసైనవా బిడ్డా?" అని అడిగితే తల ఎందుకు ఊపానో నాకే తెలియదు.

పాట కూడు పెట్టదని ఇన్నేళ్లు నన్ను తిట్టిన బాపు నిన్న, "కూడికల నువ్వే పాడాలె బిడ్డా, జర మంచిగ పాడు" అన్నాడు. ఆయన నా పాట అడగడం ఇదే మొదటిసారి. నిజం చెబితే ఆ పాట ఉండదు. చెప్పకపోతే దేవుని ముందు ఏమని పాడాలి?

శనివారమే రా అత్తా. నిజం నువ్వే చెప్పు. కానీ నా పాట అయినంక చెప్పు.

నీ మేనకోడలు