నలభై ఒకటో నంబరు కార్డు

జూన్ 2

ఈ నోటుబుక్కు ఆయన పారేయబోతుంటే తీసుకున్నాను. సగం పేజీలు ఖాళీ. ఎవరికీ చెప్పుకోలేనిది ఒకటుంది. ఎప్పుడో చచ్చిపోయిన ఒక ఆడమనిషంటే నాకు ఒళ్ళు మంట.

జూన్ 3

మా ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేస్తారు. ఇంటికొచ్చాక నూరేళ్ళ కిందటి చదరంగం ఆటగాళ్ళను సార్టింగ్ చేస్తారు. ఆనాటి టోర్నమెంట్లన్నిటికీ పాయింట్లు కట్టి, ఎవరిది ఎన్నో ర్యాంకో తేల్చాలని పట్టుదల. మొదటి ఇరవై మంది లిస్టు ఒక చదరంగం పత్రిక వేస్తానందట. ఆటగాడికొక కార్డు. ఆ పేర్లకు నా నోరు తిరగదు కాబట్టి ఒక్కొక్కరికీ నంబరిచ్చారు.

ఆ టోర్నమెంట్ల ఫలితాలు వేసిన పాత బులెటిన్లలో అక్షరాలు చీమ తలకాయలంత. ఆయన కళ్ళకు ఆనవు. నేను చదవాలి, ఆయన తిరిగి అనాలి, అప్పుడే కార్డు మీద రాయాలి. ఆఫీసులో రిజిస్టర్ ఉత్తరాలకు ఇలాగే చేస్తారట. పదిహేడు, డ్రా అంటాను. పదిహేడు, డ్రా అంటారు. పెళ్ళయిన ఏడాదిన్నరలో మేము ఎక్కువగా మాట్లాడుకున్నది ఇదే.

చచ్చినోళ్ళకి మార్కులు వేయడం అయ్యాకైనా బతికున్నోళ్ళు భోజనానికి లేస్తారా అని అత్తయ్య వంటింట్లోంచి కేకేశారు.

జూన్ 5, సాయంత్రం ఆరు

అందరూ నంబర్లే. నలభై ఒకటి మాత్రం ఆయన నోట మన డాక్టర్ గారి భార్య. మన! నన్నేమో ఇదిగో అంటారు.

ఆవిడ నంబరు వస్తే పెన్ను కింద పెట్టి నవ్వుకుంటారు. ఫోటో కత్తిరించి కార్డుకు అతికించారు. పొడుగు మెడ. తల పక్కకు వంచి బోర్డు చూస్తోంది. ముక్కు బాగానే ఉంది గానీ గిన్నెలు తోమిన చేతులు కావమ్మా ఇవి అన్నారు అత్తయ్య. ఆ క్షణాన అత్తయ్య మీద ఎంత ప్రేమ పుట్టిందో.

జూన్ 6

అద్దం ముందు తల పక్కకు వంచి చూసుకున్నాను. మెడ పట్టేసింది.

జూన్ 9

చివరి బులెటిన్ పార్శిల్లో వచ్చింది. ఆవిడ ఇప్పటికి ఇరవై ఒకటో ర్యాంకు. ఇందులో ఒక పెద్ద ఆటగాడి మీద గెలిస్తే ఇరవైలోకి వచ్చేస్తుందట. ఈ మాట చెప్పడానికి చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చారు.

జూన్ 10

గెలిచింది. మూడో ర్యాంకు మీసాలాయన మీద. నేనే ముందు చూశాను. ఆయన పెన్ను పట్టుకుని నా నోటి వైపే చూస్తున్నారు. నన్నెప్పుడూ అలా చూడలేదు. అదీ నా కోసం కాదు.

నలభై ఒకటి, డ్రా అన్నాను.

పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, నలభై ఒకటి, డ్రా అన్నారు.

భోజనం మధ్యలో లేచిపోయారు. నేను మాత్రం రెండోసారి వడ్డించుకున్నాను.

జూన్ 11

ఆవిడ లిస్టులో లేదు. పొద్దుటినుంచీ కూనిరాగం తీస్తూనే ఉన్నాను. ఏమిటే, ఏమైనా విశేషమా అని అత్తయ్య నా పొట్ట వైపు చూశారు.

జూన్ 13

నేను బట్టలు మడతపెడుతుంటే ఆయనంతట ఆయనే చెప్పారు. డాక్టర్ ఆడుతుంటే ఆవిడ పక్కన కూర్చుని ఎత్తులు రాసిపెట్టేదట. ఎవరూ నేర్పలేదట. ఒకరోజు మధ్యలో ఎవరో రోగి కోసం డాక్టర్ వెళ్ళిపోతే, ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని ఆట గెలిచిందట. ఏ బులెటిన్‌లోనూ ఆవిడ పేరు వేయలేదట, డాక్టర్ గారి భార్య అనే ఉంటుందట. ఆవిడ నంబరు వచ్చినప్పుడల్లా పక్కన కూర్చున్న నువ్వే గుర్తొచ్చి నవ్వొస్తుంది, నీకూ ఈపాటికి ఆట వచ్చేసే ఉంటుంది, పైకి చెప్పవు గానీ అన్నారు.

ఒకే చొక్కాను నాలుగుసార్లు మడతపెట్టాను.

జూన్ 14

కవరు బల్ల మీద ఉంది. రేపు పోస్టులో వేస్తారు. లిస్టు కింద ఆయన చేతిరాతతో ఒక వాక్యం ఉంది. ప్రతి ఫలితాన్నీ నా భార్య చదివింది, తప్పు ఉండదు అని. పక్కనే నా పేరు, ఇంటిపేరుతో సహా.

జూన్ 15, ఉదయం ఎనిమిది

బులెటిన్ తెచ్చి ఎదురుగా కూర్చున్నాను. నలభై ఒకటి, గెలుపు అన్నాను.

బులెటిన్ నా చేతిలోంచి తీసుకుని, కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశారు. ఇరవయ్యోవాడిని కొట్టేసి ఆవిడను రాశారు. ఇలా ఇంకెన్ని చదివావని అడిగారు.

అదొక్కటే అన్నాను.

అదొక్కటే అని ఆయన ఇంకా తిరిగి అనలేదు.