ఆమెన్ అనేదాకా సన్న సెగ

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం వాస్తవ్యుడను, ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైన కొత్తల జోసఫ్ రాజు అను నేను, ఎవరి బలవంతమూ, ప్రలోభమూ లేకుండా, నా ఇష్టపూర్తిగా స్వదస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. ఈ పూట నా బుద్ధి నిలకడగా ఉంది. టీ తాగి కూర్చున్నాను కనుక ఆ మాట ధైర్యంగా రాస్తున్నాను. తాగకముందు నా బుద్ధికి నేను హామీ ఉండను.

వచ్చే గురువారం విశాఖపట్నంలో నా గుండెకు ఆపరేషన్. డాక్టరుగారు భయం లేదన్నారు. గొడుగు పట్టుకెళ్లిన రోజున వాన పడదు కదా, అలాగే వీలునామా రాసి పెట్టుకుంటే క్షేమంగా తిరిగి వస్తానని నా లెక్క. వస్తే దీన్ని నేనే చించేస్తాను. రాకపోతే కింది విధంగా అమలు జరపవలెను. జరిపించే బాధ్యత నా కుమార్తె సుజితది.

1. పెదబొడ్డేపల్లిలో మేము ఉంటున్న ఇల్లు, దాని స్థలం, బ్యాంకులో నా పేర ఉన్న సొమ్ము యావత్తూ నా భార్య కరుణకుమారి తన జీవితకాలం సర్వహక్కులతో అనుభవించవలెను. ఆమె తదనంతరం అవి సుజితకు చెందవలెను. మా వంటగదికీ ముందుగదికీ మధ్య నడుము ఎత్తు గట్టే తప్ప గోడ లేదు. పోపు ఘాటు హాల్లోకి వస్తోందని, అక్కడ గోడ కట్టించి తలుపు పెట్టిద్దామని సుజిత చాలాకాలంగా అంటోంది. కరుణకుమారి ఉన్నంతకాలం ఆ గోడ కట్టరాదు. దగ్గొస్తే దగ్గుకోండి. కారణం ఐదో అంశంలో ఉంది.

2. కోటవురట్లలో ఉంటున్న నా తమ్ముడు క్రీస్తురాజుకు అడుగు దళసరిగా ఉన్న నా పెద్ద టీ గిన్నె ఇస్తున్నాను. నా పెళ్లినాడు ఆడపెళ్లివారందరి ముందూ "మా అన్నయ్య పెట్టిన టీ దగ్గుమందు వాసనొస్తాది, సూసుకోండి" అన్న మనిషి వీడు. తనేమో మరిగే పాలల్లో బెల్లం పడేసి, అవి విరిగిపోతే గుడ్డలో వడకట్టి, బెల్లం టీ అని చుట్టాలకు పోస్తాడు. గిన్నె దించాక బెల్లం వేయరా అని చెప్పి చెప్పి నా నోరు అరిగింది. "దింపేక ఏస్తే అది కరుగుతాదేటి?" అని నన్నే అడుగుతాడు. ఈ గిన్నెలో పాలు విరిగితే విరుగుతాయి గానీ మాడవు. దీంతో నా పాత కోపం రద్దయినట్టే. కొంచెం ఏమైనా మిగిలి ఉంటే అది కూడా వాడికే చెందుతుంది.

3. మా పక్కింటి రిటైర్డు తెలుగు మాస్టారు యాజులుగారు రోజూ సాయంత్రం మా అరుగు మీదే టీ తాగుతారు. అల్లం నలగ్గొట్టాలని నేను, తురమాలని ఆయన. ఇన్నేళ్లలో ఇద్దరమూ ఒక్క మెట్టు దిగలేదు. నా చిన్న రాతిరోలు ఆయనకు రాయాలనుకున్నాను, ఆ రకంగానైనా నలగ్గొడతారని. ఆయన్నే సాక్షిగా కూడా ఉండమన్నాను. అయితే మా క్రైస్తవుల వీలునామాల్లో సాక్షి సంతకం చేసినవారికి అందులో రాసిన ఆస్తి చెల్లదని వకీలుగారు చెప్పారు. పోనీ ఆయన భార్య వర్ధనమ్మగారి పేర రాద్దామంటే, సాక్షి భార్యకు కూడా చెల్లదట. కాబట్టి ఆ రోలు నిన్న సాయంత్రమే గోడ దాటి వాళ్లింటికి వెళ్లిపోయింది. దానికీ ఈ వీలునామాకూ ఎలాంటి సంబంధమూ లేదు. ఈ ఉదయం వాళ్ల పెరట్లోంచి దంచుతున్న చప్పుడు వినబడింది, నా ప్రాణం హాయిగా ఉంది.

రెండో సాక్షి మాకు పాలు పోసే దేవుళ్లు. అతనికి రాసిందేమీ లేదు. ఆ పాలల్లో నీళ్ల రూపేణా ఇన్నేళ్లూ అతను తీసుకున్నదే చాలు.

4. మా ఇంట్లోనే ఉంటున్న నా అల్లుడు కిరణ్ బాబుకు నా స్కూటరు. దారం కట్టిన పొట్లం వేడినీళ్లలో ముంచి తీసి, ఆ పసరునీళ్లను టీ అని పిలవడం వగైరా నేరాలన్నీ ఇందుమూలంగా క్షమిస్తున్నాను.

5. ఇది అసలు అంశం. మిగతావన్నీ పోయినా ఇది జరగాలి. మా పెళ్లయిన దగ్గర్నుంచి కరుణకుమారికి పొద్దుటి టీ నేనే ఇస్తున్నాను. ముందుగదిలో కూర్చుని, పైకి వినబడేలా చేసుకునే ప్రార్థన కానిదే ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. ఆమెన్ అన్న వెంటనే టీ చేతిలో ఉండాలి, పొగలు రావాలి. పైన తెట్టు కట్టిందంటే గ్లాసు పక్కన పెట్టేస్తుంది, ఇక సాయంత్రం దాకా తలనొప్పి. ప్రార్థన ఒకనాడు ఉన్నంత ఇంకోనాడు ఉండదు. అందుకని గడియారం పనికిరాదు, చెవి పెట్టాలి. అందుకే గోడ వద్దన్నాను.

ఆమె ప్రార్థన వరస ఏనాడూ మారదు. సంఘాన్నీ పాస్టరుగారినీ ఎత్తుకోగానే నీళ్లు పెట్టాలి. కొయ్యూరులో ఉన్న అక్కగారి కుటుంబం దగ్గరికి వస్తే అల్లం వేయాలి. ఆ తర్వాత రోగుల పేర్లు. వానాకాలంలో జ్వరాలెక్కువ, ఆ పేర్లు తెమలవు, మంట తగ్గించుకోవాలి. రోగులు అయిపోయాకే టీపొడి. సుజిత, కిరణ్, మనవరాలు సోఫియా అన్నప్పుడు పాలు. చివరికి నా పేరు వస్తుంది. అప్పుడు పంచదార వేసి సిమ్‌లో పెట్టాలి. పరలోక ప్రార్థన అయి ఆమెన్ అనగానే వడకట్టాలి. ఈ కిటుకు ఆమెకు తెలియదు. "మీ టీకి దేవుడే టైము సూస్తాడండీ" అంటుంది. నేను కాదనలేదు. సుజితా, ఈ అంశమూ, దీని కిందిదీ అమ్మకు చదివి వినిపించకు. తెలిస్తే టీ కోసం ప్రార్థన కుదించుకుంటుంది.

ఈ పని కిరణ్ బాబుకు అప్పగిస్తున్నాను. నేను జ్వరంతో పడుకున్న ఒకరోజు అతను ఫోనులో అలారం పెట్టుకుని టీ కాచాడు. ఆ రోజు కరుణకుమారి అతని కొత్త ఉద్యోగం కోసమే ఎక్కువసేపు ప్రార్థించింది, టీ మాడిపోయింది. ఇంకెవరైనా అయితే నీళ్లు కలిపి ఇచ్చేసేవారు. అతను మాడింది తను తాగేసి, అత్తగారికి మళ్లీ కాచాడు. "ఆలీసమైపోనాది, సెమించండి అత్తయ్యగారూ" అన్నాడు తప్ప సంగతి చెప్పలేదు. అంతకంటే అర్హత అక్కర్లేదు.

ఆపరేషన్ తేదీ తెలిసినప్పటి నుంచి ప్రార్థనలో నా వంతు బాగా పొడుగైంది. టీ చిక్కబడి చేదెక్కుతోంది. "ఏటండీ ఇది, టీయా కషాయమా?" అని ఆమే అడుగుతోంది. నేను కూడా అదే టీ తాగుతున్నాను. ఇంత బాగున్న టీ నేనెన్నడూ తాగలేదు.

6. ఇది కిరణ్ బాబుకు ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను. మా సంఘంలో బతికున్నవాళ్ల కోసమే ప్రార్థిస్తాం. పోయినవాళ్లను దేవుడి చేతిలో పెట్టేసినట్టే. కాబట్టి ఈ కాగితం అమల్లోకి వచ్చిందంటే ఆమె ప్రార్థనలో నా పేరు ఉండదు. మీ ముగ్గురి పేర్లూ అయ్యాక అలవాటు కొద్దీ ఆ చోటికి వస్తుంది, వచ్చి ఆగిపోతుంది. ఎంతసేపు ఆగుతుందో నాకు తెలియదు. బాబూ, ప్రార్థన అయిపోయిందనుకుని వడకట్టెయ్యకు. పలకరించకు. మంట సిమ్‌లో ఉంచి, చప్పుడు చేయకుండా అక్కడే నిలబడు. ఆమె మళ్లీ మొదలుపెడుతుంది.

నర్సీపట్నం, 2025 నవంబరు 9, ఆదివారం, గుడి నుంచి వచ్చాక.

(సంతకం) కొత్తల జోసఫ్ రాజు

సాక్షులు, మా ఎదుట రాజుగారు సంతకం చేయగా చూసి చేసినవి:
1. (సంతకం) యాజులు, రిటైర్డు తెలుగు ఉపాధ్యాయుడు
2. (వేలిముద్ర) దేవుళ్లు, పాల వ్యాపారం