రైలు దిగే బూట్లు

వదినకు మరిది నమస్కారాలు. నేను కులాసా, బెంగపడకండి.

అన్నదమ్ములిద్దరూ యుద్ధానికి వెళ్లే సినిమాలో నన్ను శవంలా పడుకోమన్నారు. "అయ్యా, మా అన్న సరిహద్దు నుంచి అలాగే వచ్చాడు. మా అమ్మ ఈ సినిమా చూస్తుందండీ" అన్నాను. "అయితే నువ్వు బతికొచ్చే సిపాయివి, రైలు దిగి ఇంటికెళ్లిపోరా" అన్నాడు డైరెక్టరు. ఆయన కడుపు చల్లగా ఉండాలి. వాళ్లిచ్చిన బూట్లు కరిచాయి. వచ్చేటప్పుడు మీరిచ్చిన అన్నయ్య పాత బూట్లే, మడమ మీద అతుకుతో సహా, వేసుకుని దిగాను. మీ మేలు మరవను.

అమ్మకు కళ్లజోడు మార్పించారా? సినిమా వచ్చేలోగా మార్పించండి. చిన్నదానికి ముద్దులు.

తెర మీద నా మొహం కనబడదు, రైలు దిగే బూట్లే కనబడతాయి. అవెవరివో అమ్మకు చెప్పనక్కర్లేదు. మీరు పక్కన కూర్చోండి, చాలు.